మెట్ల కింద సైన్సు

విజయేందర్‌కు రుజువు కావాలి. దేనికైనా సరే. దేవుడున్నాడంటే రుజువేది అంటాడు, దయ్యముందంటే రుజువేది అంటాడు. చారులో ఉప్పు ఎక్కువైందని భార్య చంద్రిక ముందే చెప్పినా "రుజువేది?" అని గిన్నె ఎత్తి తాగుతాడు, ఆ తర్వాత చెంబెడు నీళ్లు తాగుతాడు.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే సారు ఆయన. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం బతుకుతెరువు, ప్రపంచంలో తప్పులు పట్టడం సరదా. ఆ సరదా కోసం ఫేస్‌బుక్‌లో 'రుజువేది?' అని ఒక పేజీ నడుపుతున్నాడు. రేపు ఏకాదశి అంటే ఈరోజే దాన్ని ఉతికి ఆరేస్తాడు. చంద్రిక పొద్దున్నే ఆ పేజీ చూసుకుని ఉపవాసాలు ఉంటుంది. ఆయన పుణ్యమా అని ఆ ఇంట్లో పంచాంగం కొనే పని తప్పింది.

ఒకసారి చంద్రగ్రహణం రోజున ఫోను ముందు కూర్చుని, పేజీ జనమంతా చూస్తుండగా మిర్చిబజ్జీలు తిన్నాడు. పట్టినప్పటి నుంచి విడిచేదాకా తింటూనే ఉన్నాడు. మర్నాడు కడుపు పట్టుకుని మంచమెక్కాడు.

"చూసినవా?" అంది చంద్రిక.

"గ్రహణానికి సంబంధం లేదు. నూనె మంచిది కాదు."

"కావాల్నంటే రాహువు మీద రాసుకో. నా బజ్జీల మీద రాస్తే ఊకోను."

ఆయన రెండు రోజులు పేజీ జోలికి పోలేదు.

పంజగుట్టలో వాళ్లుండే అపార్ట్‌మెంటులో మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన మంగవ్వ ఇస్త్రీ బల్ల ఉంది. మంగవ్వ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఎవరైనా మంచి పని మీద మెట్లు దిగుతున్న చప్పుడైతే చాలు, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి గోడవైపు తిరిగి నిలబడేది. తిరగమని ఎవరూ చెప్పలేదు, తిరగొద్దనీ ఎవరూ అనలేదు. చూసినప్పుడల్లా చంద్రిక మనసు చివుక్కుమనేది.

రెండో అంతస్తులో జానకీదేవిగారి అబ్బాయికి వరసగా ఇంటర్వ్యూలు తప్పిపోయాయి. ఆ నెల అసోసియేషన్ మీటింగులో ఆవిడ మెల్లగా విషయానికొచ్చింది.

"మంగవ్వ మంచిదేనండీ, కాదనను. కాకపోతే బల్ల సెల్లారులో వెనక్కి మారిస్తే బావుంటుందేమో. పిల్లలు బయల్దేరేటప్పుడు ఎదురుగా అదేంటో..."

సెల్లారు వెనక ప్లగ్గు లేదు, గాలి లేదు, అక్కడిదాకా బట్టలు మోసుకెళ్లే మనిషీ ఉండడు. అక్కడికి మారిస్తే మంగవ్వ పని మానుకోవలసిందే. అయినా సగం తలలు ఊగాయి.

"రుజువేది?" అన్నాడు విజయేందర్. "టెస్టు చేద్దాం. దసరా దాకా టైమియ్యండి. మా క్లాసు పోరగాండ్లు ఇంటర్వ్యూకు పోయేముందు మంగవ్వ దగ్గరనే ఇస్త్రీ చేయించుకుంటరు. ఆమె ఎదురుంగ వచ్చి బట్టలు చేతికిస్తది. నౌకరీలు రాకపోతే బల్ల నేనే మోసి సెల్లార్ల పెడ్త."

ఆయన పేజీ పిచ్చికి ఒక ముసలామె బతుకు పందెం కట్టాడని చంద్రిక ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా వడ్డించలేదు. మంగవ్వ అయితే చేతులు జోడించింది.

"నా మొఖం చూసి పిల్లల నౌకరీలు పోతే గా పాపం నాకెందుకు సారూ?"

"పాపానికి రుజువేది? నువ్వు జర మొఖం ఇటు తిప్పు."

మొదట హైందవి అనే అమ్మాయి వచ్చి ఇస్త్రీ బట్టలు తీసుకుపోయింది. సాయంత్రానికి మిఠాయి డబ్బాతో తిరిగొచ్చింది. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. బల్ల మీద బట్టలకు చోటు లేనంతగా డబ్బాలు చేరాయి. మంగవ్వకు గోడవైపు తిరిగే తీరికే లేకపోయింది. మంగవ్వ ఎదురొస్తే ఆఫర్ లెటర్ ఖాయమన్న మాట అమీర్‌పేట హాస్టళ్లన్నీ చుట్టేసింది. షేర్ ఆటోల్లో దిగుతున్న పిల్లలు ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీకి ఇస్తున్నారు.

తన గుమ్మంలోనే కొత్త మూఢనమ్మకం పుట్టిందంటే మొగుడు ఊరుకుంటాడా? చంద్రిక రోజూ పేజీ తెరిచి చూసింది. నిమ్మకాయల మీద రాశాడు, పిల్లి మీద రాశాడు, బల్లిపాటు మీద రెండు భాగాలు రాశాడు. మంగవ్వ ఊసు మాత్రం ఎత్తలేదు.

దసరా దగ్గరపడుతుండగా సాయికిరణ్ అనే స్టూడెంటు ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"మేడం, సార్‌కు మీరన్న చెప్పండి. అందర్ని మంగవ్వ దగ్గరికి తోలుతున్నరు. నన్ను మాత్రం గీ గల్లీలకే రావద్దన్నరు. పాఠం మంచిగ వచ్చినంక పోదువుగని అంటున్నరు."

"నిన్నొక్కడినేనా?"

"వెనక బెంచీ మొత్తం, మేడం. ఫస్టొచ్చేటోళ్లనే పంపిస్తున్నరు. హైందవికైతే నౌకరీ ముందే వచ్చింది. మళ్ల ఇంటర్వ్యూకు పోతున్నట్టు బట్టలు పట్టుకపొమ్మన్నరు."

చంద్రికకు నవ్వాగలేదు. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ మనిషి మీద ముద్దొచ్చింది కూడా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

కింద జానకీదేవిగారు కొడుకుని వెంటబెట్టుకుని నిలబడి ఉంది. "మంగవ్వా, కాస్త మావాడికి ఎదురు రామ్మా. నీకు పుణ్యముంటుంది."

మంగవ్వ చీర సర్దుకుంది. గేటుదాకా నడిచి, వెనక్కి తిరిగి, తల ఎత్తుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. "పోయిరా బిడ్డా, మంచిగ చెప్పు."

క్లాసుకు బయల్దేరిన విజయేందర్ అక్కడే ఉన్నాడు. ఇదివరకు మంగవ్వ నిలబడే చోటే, గోడవైపు తిరిగి, కరెంటు మీటర్లను దీక్షగా చూస్తున్నాడు.

చంద్రిక ఆయన చెవి దగ్గరికి వంగింది. "హైందవికి నౌకరీ ముందే వచ్చిందంట గద. సైన్సుల గిట్లనే చేస్తరా?"

విజయేందర్ మీటరు మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"రుజువేది?" అన్నాడు, ఎవరికీ వినపడనంత చిన్న గొంతుతో.