సంధ్య నేర్చుకున్న లైడెఫోర్మ్

మస్కట్‌లో మరో ఆసుపత్రి ఇంటర్వ్యూకు పిలిచిందని సంధ్య ఒక్క కుమార్‌కే చెప్పింది. ఇద్దరి ఊళ్ళూ నిర్మల్ దగ్గరే. పరాయి దేశంలో జిల్లావాడిని అన్న అనుకోవడం మావాళ్ళకు అలవాటు. కుమార్ మా క్లినిక్ స్టాఫ్ బస్సులో ఎక్కేవాళ్ళ లెక్క చూసుకుంటాడు. ఆ సాయంత్రమే మాట మేము అర్బాబ్ అని పిలిచే యజమాని చెవిన వేశాడు. ఇంటర్వ్యూ పోయింది, ఊరికి వెళ్ళే సెలవూ పోయింది. "ఇంకోసారి వింటే వీసా క్యాన్సిల్" అన్నాడు యజమాని.

అప్పటినుంచి ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు. జర్మనీకి నర్సుగా వెళ్ళాలని ఫోన్‌లో ఆ భాష నేర్చుకుంటున్న సంగతి నాకొక్కడికే తెలుసు. మస్కట్ ఘాలా పేటలోని మా క్లినిక్‌లో ఆమె గది పక్కనే నా మందుల కౌంటర్. నాకు పుస్తకాల పిచ్చి.

ఒకరోజు అడిగింది. "అన్నా, మా జర్మన్ క్లాసు సార్ లైడెఫోర్మ్ అంటున్నడు. గదేంది?"

మన కర్మణి ప్రయోగమే. లాటిన్‌లో దాని పేరుకు భరించడమని అర్థం. జర్మన్లు దాన్నే తమ మాటల్లో 'భరించే రూపం' చేసుకున్నారు. తవ్వితే అడుగున ఇంకోటి దొరికింది. భరించడమనే ఆ 'లైడెన్'కు వెయ్యేళ్ళ కిందట వెళ్ళడం, ప్రయాణించడం అని అర్థమట. దుఃఖమనే మరో మాట పక్కన చేరి దాన్ని తనవైపు లాక్కుంది. గల్ఫ్‌కు వచ్చినవాడికి ఈ ముక్క నిఘంటువు చెప్పాలా?

సంధ్య నవ్వింది. "పరీక్షల గిది అడుగుతరా? అడగకపోతే నా నెత్తి తినకు."

వాక్యాలు మాత్రం వదల్లేదు. బస్సులో అందరూ ఇళ్ళకు ఫోన్లు చేస్తారు. ఆమె కూడా ఫోన్ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకుండానే, అమ్మతో మాట్లాడుతున్నట్టు "ఇష్ వెర్డె గెరూఫెన్" అని వల్లించేది. నన్ను పిలుస్తున్నారు అని.

ఒక పొద్దున వెనక సీట్లోంచి కుమార్ వంగాడు. "అవ్వతోని గదేం భాషనే?"

సంధ్య పెదాలు తెల్లబడ్డాయి.

"జర్మనీదా?" అన్నాడు మెల్లగా. "మా చెల్లె గూడ నర్సే. గా క్లాసు నంబర్ ఇయ్యరాదు?"

చెల్లెలి కోసమో, అర్బాబ్‌కు చూపించడానికో. వాడి ముఖంలో ఏమీ తెలియలేదు. "రేపిస్త" అంది. దిగేటప్పుడు నేను ఇవ్వొద్దన్నాను. ఆమె పరీక్ష ఇంకా రాయలేదు, పాస్‌పోర్టేమో అర్బాబ్ బీరువాలో ఉంది.

ఆ వారమే నన్ను దూరాన రుస్తాఖ్ ఊళ్ళోని మందుల షాపుకు మార్చారు. ఎందుకో చెప్పలేదు. సామాను సర్దుతుంటే సంధ్య సిరంజీల కోసం వచ్చినట్టు వచ్చి, గొంతు తగ్గించి అంది:

"నంబర్ ఇచ్చిన అన్నా. ఇస్తే రేపటి భయం, ఇయ్యకపోతే వాడు ఇయ్యాలే పోయి చెప్తడని భయం. ఒక్కరోజన్న సదువుకుంట గద."