బరువు తగ్గని పరుగు

ఆ రోజుల్లో మా ఊళ్లో పరుగెత్తేవాళ్లు రెండే రకాలు. తరిమేవాళ్లు, తప్పించుకునేవాళ్లు. ఈ రెండింట్లోనూ చేరకుండా ఒళ్లు తగ్గడం కోసం పరుగెత్తిన మొదటి మనిషిని బహుశా నేనే. జమ్మలమడుగులో నర్సు చదువు పూర్తిచేసి, మిలిటరీ నర్సు ఉద్యోగానికి అన్నీ గట్టెక్కి, చివర్లో వైద్యపరీక్షలో బోర్లాపడ్డాను. కాటా ఎక్కగానే డాక్టరమ్మ (ఆమెదీ మిలిటరీయే, భుజాల మీద నక్షత్రాలు) పట్టిక చూసి, "ఎత్తుకు మించిన బరువు. నెలన్నర గడువిస్తున్నా, తగ్గి రా" అంది. నా దిగులు ఉద్యోగం గురించి మాత్రమే కాదు. రెండు పార్టీల మధ్య నలిగే ఆ ఊరి నుంచి బయటపడటానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

మరునాడు తెల్లారగానే పరుగు మొదలుపెట్టాను. నా అడుగుల చప్పుడుకు వీధి పొడుగునా తలుపులు దబదబా మూసుకున్నాయి. మిద్దె మీద నుంచి ఎవరో, "ఎవర్ని ఏసేసినారు పాపా?" అని అరిచారు. (ఒళ్లు తగ్గాలని పరుగెత్తుతున్నానని ఏ ఆడపిల్ల వీధిలో అరిచి చెబుతుంది?) మధ్యాహ్నానికల్లా పార్టీ పెద్దాయన మా నాయనను పిలిపించాడు. నాయన బడిపంతులు, ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించేవాడు, ఏ పార్టీకీ చెందనివాడు. కాని మేముండే వీధి పెద్దాయన పార్టీది, అంతే. "పాప పరిగెత్తితే ఊరంతా బెదురుతాంది అయ్యవారూ. మిలిటరీకి పోతాదంటే మనకూ గొప్పే గదా. ఒంటరిగా వద్దు, మనిషిని ఎంట పంపిస్తా" అన్నాడాయన.

ఆ మనిషి బొజ్జ మామ. పెద్దాయన వాకిట్లో కూర్చోవడం, తినడం, మళ్లీ కూర్చోవడం ఆయన పని. తువ్వాలు చాటున కొడవలి. నేను ముందు, మామ వెనక. "మెల్లగ పో పాపా, నా పానం పోతాది!" అని దారంతా మొత్తుకునేవాడు. మూడోనాడు ప్రొద్దుటూరు బస్సు ఎదురొచ్చింది. ముందర ఆడపిల్ల, వెనక తువ్వాలు జారిపోయి కొడవలితో మామ. డ్రైవరు బ్రేకు కొట్టాడు. "పాపను నరుకుతాండాడురో!" అని బస్సంతా గోల. మామ రొప్పుతూ రెండు చేతులూ ఎత్తి, "లేదప్పా, లేదు! పాప శానా లావుంది, సన్నబడల్లంట!" అని చిట్టచివరి సీటుకు కూడా వినిపించేలా చెప్పాడు. ఆ బస్సులో నాతో చదివినవాళ్లు ఇద్దరున్నారు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అయినా గడువు దాకా పరుగెత్తాను. సంగటి ముద్ద సగమైంది. నా జాకెట్లు వదులయ్యాయి, మామ బొజ్జ మాయమైంది. రెండోసారి డాక్టరమ్మ నా జబ్బ నొక్కి, పిక్క నొక్కి, నడుముకు టేపు చుట్టి, కాటా ముల్లు ఇంకా గీత దాటే ఉండటం చూసి నిట్టూర్చింది. "కొవ్వు కరిగి కండ పట్టింది. నాకు తెలుస్తోంది. కాని ఈ పట్టికకు కండకూ కొవ్వుకూ తేడా తెలీదమ్మా." అయిపోయింది. ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగి, బెంచీ మీద కూర్చుని, సిమెంటు లారీల దుమ్ములో వెక్కివెక్కి ఏడ్చాను. ఇక మా ఊళ్లోనే నా బతుకు తెల్లారుతుందనుకున్నాను.

చివరికి వేంపల్లెలో నర్సునయ్యాను, రోజూ మా ఊరి నుంచే బస్సులో పోయిరావడం. ఏడాది తర్వాత ఒకరోజు బొజ్జ మామ (బొజ్జ లేదు, పేరు మిగిలింది) కుంటుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు. పులివెందుల దారిలో అవతలి పార్టీవాళ్లు మాటేసి మీదపడ్డారట. అరికాళ్ల నిండా ముళ్లు. ఒక్కొక్కటే తీస్తుంటే మామ అన్నాడు, "నీ పుణ్యాన బతికినా పాపా. వాళ్లకు బొజ్జలుండాయి, నాకు లేదు." నవ్వబోయి ఏడ్చేశాను. ఆ ఊరి నుంచి బయటపడాలని పరుగెత్తింది నేను, ప్రాణాలతో బయటపడింది ఆయన.

మామ ఆ తర్వాత పార్టీ మానుకుని, లింగాలలో అరటితోట కౌలుకు చేసుకున్నాడు. టీవీలో మిలిటరీ ఆడపిల్లలు కవాతు చేస్తుంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. అప్పుడు మామ ఏటా పంపే గెల నుంచి ఒక పండు తుంచుకుని తింటాను. కాటా మాత్రం ఎక్కను.