పడుగు మీదికెళ్లి పోయిన జనాజా

కూసో బిడ్డా. ఆ ఫోను పక్కకు పెట్టి సక్కగ ఇను, చెప్పింది చెప్పినట్టు రాయి. మోపులకు మోపులు కొనేటోళ్లు వస్తరు, గొంగడి ముక్కు కాడ పెట్టుకొని "ఏందవ్వా, గిట్ల వాసనొస్తుంది" అంటరు. అది చింతగింజల గంజి వాసన, ఒక్కపారి నీళ్లల్ల జాడిచ్చి ఎండల ఏస్తె పోతది. కొత్త గొంగడికి ఆ వాసన లేకుంటెనే అనుమానపడాలె. ఒక పోగు గుంజి అగ్గిపుల్ల పెట్టున్రి. ఎంటికలు కాలిన వాసనొస్తె ఉన్ని. కరిగి ముద్ద కట్టిందా, ప్లాస్టిక్కు కలిపిన్రు. నలుపు గూడ అంతట ఒక్క తీరుగ ఉండది, ఎండల తిరిగిన గొర్రె బొచ్చు కొసలకు ఎర్రబడ్తది.

గంజి అంటె యాదికొచ్చింది. నువ్వప్పుడు హాస్టల్ల ఉంటివి. బచ్చన్నపేట దిక్కు ఇప్పుడన్నీ ఎర్ర గొర్లేనాయె, వాటికి బొచ్చే ఉండది. మీ తాత భూపాలపల్లి అడివికి మందలు తోలుకపోయినోళ్ల కాడ నల్ల ఉన్ని తెచ్చిండు. మన గల్లీ కొసకున్న దూదేకులాయన విల్లు కొట్టి ఏకిచ్చిండు. సలికాలమంత నేను వడికిన.

పొద్దుగాల్నే గల్లీ పొడుగూత నిలువు పోగుల పడుగు పరిచి, నడుమెత్తున గుంజలకు కట్టి, కుంచెలతోని గంజి పెట్టినం. పొద్దెక్కినంక ఆ దూదేకులాయనకు గుండె ఆగిందని కబురొచ్చింది. మాపటికల్ల ఖబ్రస్తాన్‌కు తీస్కపోవాలె, తొవ్వ ఇదొక్కటే. ఆ దినం మొగులు పట్టింది, పడుగు ఆరలే. తడి పడుగు సుట్టితె పోగులు అతుక్కుంటయి, ఇగ ఇడదియ్యరాదు. కోస్తె నా సలికాలం పాయె.

మీ తాత ఇంట్లకు పోయి కొడవలి తెచ్చిండు. నేను అడ్డం పోలే. నోట్ల కొంగు పెట్టుకొని నిలవడ్డ.

సచ్చిపోయినాయన కొడుకు ఉరికొచ్చి చెయ్యి పట్టిండు. "కొయ్యకు పెద్దనాయినా. మా బాపు ఉంటె కోయనిచ్చునా?"

జనాజా భుజాలకెత్తుకున్నోళ్లు పడుగుకు ఆ దిక్కు కొందరు, ఈ దిక్కు కొందరు అయిన్రు. పైన ఆయన, కింద పడుగు. మనం కుంచె పట్టుకొని ఎట్ల నడుస్తమో అట్లనే నడిసిన్రు, మెల్లగ. ఒక్క పోగు తెగలే. మీ తాత కొడవలి కింద పెట్టి ఎంబడి పోయిండు.

మాపటికి మా తోడికోడలు వచ్చింది. "పీనుగు మీదికెళ్లి పోయిన పడుగు నేస్తరానె? మందికి అమ్ముతరానె? కాలవెట్టున్రి."

"ఆయన చెయ్యి పడని పోగు అండ్ల ఒక్కటి లేదు" అన్నడు మీ తాత. "ఇన్నేండ్లు కాని మైల ఇయ్యాల అయితదా?"

నేసిండు. పట్నం కెళ్లి షావుకారు వచ్చి, కింద పరుసుకునే గొంగడ్లు కావాలెనని అన్నీ తీసి చూసిండు. ఆ పడుగుతోని నేసిన గొంగడి మీద చెయ్యి పెట్టంగనె మీ తాత జరిగింది జరిగినట్టు చెప్పిండు. షావుకారు చెయ్యి ఎనుకకు తీసుకున్నడు.

మీ తాత దాన్ని సుట్టుకొని దూదేకులామె ఇంటికి పోయిండు, షావుకారు గూడ ఎంబడి పోయిండు. "చెల్లె, ఇది నువ్వు పెట్టుకో" అన్నడు మీ తాత.

ఆమె నిమిరి సూసింది. "నాకెందుకన్నా? పెట్టెల పెడితె పురుగులు తింటయి. ఆయన ఏకింది ఎవలో ఒకలు పరుసుకోవాలె, పిల్లలు ఆడాలె. అమ్మున్రి."

షావుకారు గొంగడి భుజాన ఏసుకొని పోయి, మోపుల కలపకుంట కారుల ఎనుక సీటు మీద పెట్టుకున్నడు. ఎవలికి అమ్మిండో, ఈ ముచ్చట ఆళ్లకు చెప్పిండో లేదో నాకెర్క లేదు. అందుకే గిది రాయమంటున్న. అది ఎవలింట్ల ఉన్నదో ఆళ్లకు తెల్వాలె. గుర్తు చెప్త, మంచిగ రాయి. అంచు కాడ, ఎడమ దిక్కు... అగో, మా కోడలు పిలుస్తుంది.

"అత్తా, రొట్టె సల్లారుతుంది. లేసి రా, తిందువు."