అడిగినవే లోపలికి

చెక్ దేశపు బ్ర్నో నగరంలో మా ఆఫీసులో బొహుమీర్ పని ప్రోగ్రాముల్ని ప్యాకేజీలుగా కట్టడం. ప్రతి ప్రోగ్రాము కడుపులోనూ చిన్న చిన్న నిఘా కళ్లు అమరుస్తాడు. రేపది ఎక్కడైనా మొరాయిస్తే ఏం జరిగిందో ఆ కళ్లే చెబుతాయి. కట్టేది మాత్రం కంప్యూటర్లోనే ఉండే ఓ మూసిన ఖాళీ గదిలో. పేరు పెట్టి అడిగిన వస్తువే అందులోకి వెళ్తుంది. బొహుమీరూ అలాంటి మనిషే, చెప్పులు మార్చి, జేబులు దులిపితే గానీ కుర్చీలో కూర్చోడు. ఆ మధ్య కళ్లు అమర్చే పనిముట్టు కావాలని అడగడమే మరిచాడు. ప్యాకేజీ కిక్కురుమనకుండా తయారైంది, గుడ్డిదిగా.

ఆ దెబ్బకి ఆదివారం ఇంట్లో వంటగది సామానంతా నడవాలోకి మోసేశాడు. పుట్టగొడుగుల సూప్‌కి అత్తగారు చెప్పినవే లోపల పెట్టి, పొయ్యి ముందు తనే నిలబడ్డాడు. భోజనానికి వెళ్లిన పాపానికి నేనూ నడవాలో కూర్చున్నాను.

"గిన్నె ఏది బాబూ?" గుమ్మంలోంచి తొంగిచూసి అంది అత్తగారు.

"మీరు చెప్పలేదుగా అత్తయ్యా."

"గిన్నె కావాలని కూడా చెప్పాలా!"

"చూశారా, తప్పు ఎలా బయటపడిందో!" అని మురిసిపోయాడు.

భార్య జ్దిస్లావకి ఒళ్లు మండింది. "అమ్మ నీ పేరు మాత్రం చెప్పిందా?"

బొహుమీర్ ముఖం పాలిపోయింది. మెల్లగా బయటికొచ్చి, తలుపు మూసి, మా ముగ్గురి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ లేని వంటగదిలో సూప్ అయిందేమోనని తాళం కన్నంలోంచి చూడసాగాడు.