మామ ముక్కుతో కాచిన బీరు

జ్వరమైతే తగ్గింది గానీ, పోతూ పోతూ నాకు వాసన తెలియకుండా చేసి పోయింది. కాఫీ తాగితే వేడి, చేదు తగిలేవి, అంతే. ఇంకెవరికైనా అది నాలుగు వారాల చికాకు. నాకు ముక్కే బతుకుదెరువు. బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో బీరు కాచడం నా ఉద్యోగం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, చేదు కోసం వేసే హాప్స్ పూలను, పులుస్తున్న తొట్లను పొద్దస్తమానం వాసన చూడడమే నా పని.

"ముక్కు బాగయ్యేదాకా ఊరికి వెళ్ళిరా" అన్నాడు యజమాని. మంచిగానే అన్నాడు. మళ్ళీ పిలవడేమోనని నాకే భయం.

తిరుత్తణి దగ్గర మా మేనమామ ఇంటికి వెళ్ళాను. అమ్మ పోయాక నాకు పుట్టిల్లు అదే. మామ రాగి, చెరకు పండిస్తాడు. కొండమీది స్వామికి ఏటా కావడి మోస్తాడు. జీవితంలో ఒక్క చుక్క మందు ముట్టలేదు. నా ఉద్యోగం ఏమిటని ఊళ్ళో ఎవరైనా అడిగితే 'ఫుడ్ కంపెనీ' అని మాట తిప్పేసేవాడు.

వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం అత్త రాత్రంతా పులిసిన రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉప్పేసి, నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు పెట్టి ఇచ్చింది. పులుపు నాలుకకు తెలిసింది. ఉప్పు తెలిసింది. చిన్నప్పటి నుంచీ నేనెరిగిన ఆ అంబలి మాత్రం అందులో లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమ్మా, ఎర్రగడ్డ ఘాటా?" అన్నాడు మామ.

"కాదు మామా. వాసనే తెలీడం లేదు. ఇట్టాగే ఉంటే నా పని పోయినట్టే."

ఆయన నా పక్కకు జరిగాడు. "నువ్వు ఆడ వాసన చూసేటివి ఏమన్నా తెచ్చినావా?"

తెచ్చాను. రోజూ తెలిసిన వాసనలు చూస్తూ ముక్కుకు మళ్ళీ అలవాటు చేయమని డాక్టరు చెబితే పొట్లాలు కట్టుకుని తెచ్చుకున్నాను. వాటిని అరుగు మీద పరిచాను. బీరు మాటెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి ఒక్కొక్క పొట్లమే విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నల్లగా వేయించిన బార్లీ చూసి, "చెనిక్కాయలు ఏంచేటప్పుడు మాడే ముందర వస్తాదే, అది" అన్నాడు. ఇంకొకటి చూసి తనకేమీ తెలియడం లేదని పక్కన పెట్టాడు. హాప్స్ పూలపొడి గుళికను వేళ్ళతో నలిపి చాలాసేపు పట్టుకున్నాడు. "మామిడి కొమ్మ ఇరిస్తే సొన కారతాది గదా. ఆ వాసన. ఎనకాల కొంచెం నిమ్మతొక్క."

నేనెరిగిన హాప్స్ అదే. ఆయన చెప్పగానే ఆ వాసన ముక్కుకు కాకుండా తలలో ఎక్కడో తగిలింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అరుగు మీద అదే పని. ఇంట్లో బీరు కాయడానికి చట్టం ఒప్పదు, మామ అసలే ఒప్పడు. అందుకని మాటల్లోనే కాచాం. ఒక దేశపు పద్ధతి, ఇంకొక దేశపు పద్ధతి కలిపితే ఎలా ఉంటుందో నేను ఊహించి చెప్పేదాన్ని. ఆయన వాసనలు చెప్పేవాడు.

ఒకనాడు జర్మనీ వాళ్ళ గోసే అనే బీరు గురించి చెప్పాను. గోధుమతో పుల్లగా కాచి, ఉప్పు, ధనియాలు వేస్తారు. బెల్జియంలో సేజాన్ అని ఇంకొకటి ఉంది, పొలం పనికి వచ్చేవాళ్ళ కోసం రైతులే ఇంట్లో కాచేవాళ్ళట అన్నాను.

"కూలోళ్ళకా? కయ్యలోకి తీసకపోయి?"

"అవును మామా. ఎండలో దాహానికి. పల్చగా ఉంటుంది."

"అయితే అది అంబలే గదమ్మా."

ఆ బీర్ల గురించి ఏళ్ళ తరబడి చదివాను. అంబలి తాగి పెరిగాను. ఆ రెండూ ఏనాడూ నా తలలో పక్కపక్కన కూర్చోలేదు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక రైతు, తిరుత్తణి ఎండలో ఒక రైతు, ఒకరినొకరు ఎరగకుండానే గింజను నీళ్ళలో పులియబెట్టి దాహం తీర్చుకున్నారు. చెరకుతోట మీదుగా గాలి వీస్తోంది.

"కలుపుదాం మామా" అన్నాను. "గోసే పులుపు, సేజాన్ ఈస్టు, బార్లీ కొంత తగ్గించి మన రాగి మొలకలు. ఉప్పు ఎంత వేద్దాం?"

"పళవేర్కాట్ ఉప్పునీళ్ళలో పడవెక్కితే పెదాలకి అంటుకుంటాదే, అంత సాలు. ధనియాలు ఏంచొద్దు. ఏంచితే రసం అయిపోతాది."

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "మామా కోడలూ కలిసి సారాయంగడి పెట్టేటట్టుండారే."

"ఊరికే మాటలే" అన్నాడు మామ, సిగ్గుపడుతూ.

వాసన ఒక్కసారిగా రాలేదు. మొదట చెరకు ఆకు కాలుస్తున్న పొగ తెలిసింది, తర్వాత సబ్బు, ఆ తర్వాత మెల్లగా మిగతావి. ఒక సంచి రాగులతో బెంగళూరు తిరిగి వెళ్ళాను. చిన్న తొట్టిలో కాచి చూడమని యజమాని ఒప్పుకున్నాడు. రాగికి బార్లీలాగా పొట్టు ఉండదు, అందుకే మొదటిసారి పిండి ముద్దకట్టి వడపోత పూడుకుపోయింది, అంతా పారబోశాం. రాగి తగ్గించి మళ్ళీ కాచాం. తయారయ్యాక ఒక గుక్క నోట్లో పోసుకుని నిలబడిపోయాను. అంతకుముందు ఎన్నడూ తాగని దాన్ని నేను గుర్తుపట్టాను. మామ చెప్పినదంతా అందులో ఉంది.

ఇంకో తొట్టి వేసినప్పుడు ఆయన్ను రమ్మన్నాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. తొట్లున్న గది బయటే చెప్పులు విడిచాడు. తొట్టి నుంచి బకెట్టు నీళ్ళలోకి దిగిన గొట్టంలో బుడబుడమని బుడగలు వస్తుంటే వంగి చూశాడు.

"లోపల ఎవరుండారు?"

"ఈస్టు మామా. కంటికి కనబడనంత చిన్న ప్రాణులు. తీపి తిని గాలి వదులుతాయి."

అంతకుముందు కాచిన తొట్టిలోంచి ఒక గ్లాసు పట్టి ఇచ్చాను. తాగలేదు. కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"ఇంతకు ముందర ఈ వాసన యాడా లేదు గదమ్మా. ఇప్పుడు యాడ నుంచి వచ్చింది?"

నాకూ తెలియదన్నాను. ఆయన గ్లాసు నా చేతికిచ్చి, పులుస్తున్న తొట్టి దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు.