ఒక పక్కకే వచ్చిన ఎరుపు

2023 చలికాలం. ఖమ్మంలో సర్వే పరికరాలు, అటవీ సిబ్బంది బైనాక్యులర్లు బాగుచేసే నా వర్క్‌షాప్‌కు ఇల్లెందు నుంచి మల్లయ్య గారు, ఆయన భార్య లక్ష్మి గారు వచ్చారు. ఆయన బొగ్గుగనిలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. చేతిలో, కొన్న కటకాలను పీవీసీ పైపులో బిగించి సొంతంగా చేసుకున్న టెలిస్కోప్.

"సార్, చుక్కకు ఒక దిక్కు ఎరుపు, ఇంకో దిక్కు నీలం కనబడ్తున్నయ్. కుడి కన్ను ఆపరేషన్ అయినంకనే గిట్ల మొదలైంది. కన్ను ఖరాబైనట్టే."

"గందుకే ఎడమ కంటికి చేయించుకోనంటుండు," అన్నారు లక్ష్మి గారు. "సోమవారం రమ్మన్నరు. ఆ కంట్ల పొర నిండింది, మొన్న మెట్టు కానక పడ్డడు. డాక్టర్ మాట ఇనడు, ఈ గొట్టం మాట ఇంటడు!"

"గొట్టం అబద్ధమాడదే," అన్నారాయన.

ఇలాంటి టెలిస్కోప్ ముందుభాగంలో రెండు కటకాలుంటాయి. క్రౌన్ గాజుతో చేసిన కుంభాకార కటకం కాంతిని ఒకచోటికి చేరుస్తూనే రంగులను విడదీస్తుంది. ఫ్లింట్ అనే బరువైన గాజుతో చేసిన పుటాకార కటకం వాటిని తిరిగి దగ్గరకు తెస్తుంది. ఈ జంటను అక్రొమాట్ అంటారు. అప్పటికీ మిగిలే పలుచని ఊదారంగు చుక్క చుట్టూ సమానంగా ఉంటుంది. ఎరుపు ఒకే పక్కకు వచ్చిందంటే ఎక్కడో ప్రిజం లాంటి వాలు ఉన్నట్టు. అది కంటిలోనా, కటకంలోనా?

యార్డు చివరి గోడ మీద ఒక ఉక్కు బేరింగ్ గుండు పెట్టాను. ఎండకు దాని మీద పుట్టే మెరుపు నక్షత్రమంత సన్నగా ఉంటుంది. ఆయనను చూస్తూ ఉండమని, కటకాలను పట్టి ఉంచే సెల్‌ను పావు చుట్టు తిప్పాను.

"ఎరుపు ఎటుంది?"

"ఇందాక కిందుండె... ఇప్పుడు పక్కకొచ్చింది. సార్, అది తిరుగుతుంది!"

"మీ కన్నును నేను తిప్పలేదు కదా."

లక్ష్మి గారు కొంగుతో నోరు మూసుకుని నవ్వారు. కటకాలు విప్పారా అని అడిగాను.

"ఆపరేషన్ అయినంక ఇంట్ల ఊకె కూసోలేక విప్పి కడిగిన. అంచుల మీద పెన్సిల్ గీతల లెక్క మురికుండె, రుద్ది తీసిన. మురికితోని మిషన్ బిగించే అలవాటు లేదు నాకు."

ఆ గీతలు కటకాలు చేసినవాడు పెట్టినవి. ఏ కటకమూ అంచు చుట్టూ ఒకే మందంతో ఉండదు; వెంట్రుకలో పదోవంతు తేడా చాలు. రెండింటి తేడాలు ఎక్కడ పరస్పరం రద్దవుతాయో ఆ గీతలు కలిసే చోటు చెబుతుంది.

ఫ్లింట్‌ను కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ బిగించి చూశాను. మధ్యాహ్నం దాటాక, ఎరుపూ నీలమూ మెల్లగా ఒకదానిలోకి ఒకటి జారి తెల్లబడ్డాయి. ఆ లెక్క నాకు కంఠస్థం. అయినా, సరిగా లేని రెండు గాజులు ఎదురెదురుగా నిలిచి అంత నిర్మలమైన చుక్కను ఇవ్వడం నాకు ఇప్పటికీ అద్భుతమే.

కొత్త గీతలు గీసి ఆయనను పిలిచాను. చాలాసేపు ఐపీస్ నుంచి కన్ను తీయలేదు.

"సోమవారం ఎన్నింటికి రమ్మన్నరే?" అన్నారు, అలాగే చూస్తూ.

పరికరం తెచ్చినవాళ్ళను లోపం ఎటువైపుందని అడగడం నాకు ముందే తెలుసు. దానివల్ల మీరు ఏం మానుకున్నారని కూడా అడగడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.