అందరూ మెచ్చిన జంట

ఆ సీరియల్లో హీరో మొదటి వారంలోనే హీరోయిన్‌ను నలుగురి ముందు దొంగ అన్నాడు. రెండో వారంలో ఆమె టిఫిన్ డబ్బాను కాలితో తన్నాడు. మూడో వారానికల్లా మా కంపెనీ బస్సులో సగం మంది ఆడవాళ్లు వాళ్లిద్దరికీ పెళ్లెప్పుడవుతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టారు. నాకు మాత్రం అతను తెర మీదికి రాగానే ఒళ్లు మండేది. అయినా ఒక్క రోజు కూడా మానకుండా చూసేదాన్ని.

అప్పటికి నేను డిగ్రీ అయిపోయి చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో చేరి ఏడాదయింది. తయారైన గోలీలను ల్యాబులో పరీక్ష చేసే పని. మా ఊరి నుంచి బస్సులో ముప్పావు గంట. మాది నేత ఇల్లు. నాయిన మగ్గం మీద ఉంటే, అమ్మ ఆసు దగ్గర కూర్చుని మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఉండేది. చెయ్యి అటూ ఇటూ ఆడుతూనే ఉండేది, కళ్లు టీవీ మీద ఉండేవి. ఆ సీరియల్ వచ్చే అరగంటలో ఆమె చెయ్యి ఎప్పుడైనా ఆగిందంటే, ఆ ఇద్దరూ ఎదురుపడ్డారని అర్థం.

బస్సులో నా పక్కన కూర్చునే ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయి ఒకరోజు తన ఫోన్‌లో ఒక యాప్ చూపించింది. సీరియళ్లు చూసేవాళ్లు, అందులోని మనుషులనే తీసుకుని సొంతంగా కథలు రాసుకునే చోటు అది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారని ఆమే చెప్పింది. మా సీరియల్ మీద వందల కథలున్నాయి. దాదాపు అన్నీ ఆ ఇద్దరి మీదే. ఇద్దరి పేర్లలోంచి చెరో రెండక్షరాలు తీసి కలిపి ఆ జంటకొక పేరు కూడా పెట్టుకున్నారు. హీరో తమ్ముడికీ, హీరోయిన్ స్నేహితురాలికీ మరో జంట పేరు. వాళ్లదీ అదే వరస. అతను అరుస్తాడు, ఆమె ఏడుస్తుంది, కింద కామెంట్లలో అందరూ గుండె బొమ్మలు పెడతారు.

చదవకూడదనుకున్నాను. కానీ ఒకామె రాత నన్ను పట్టేసింది. ఒక పువ్వు పేరు కలం పేరుగా పెట్టుకుంది ఆమె. సీరియల్లో హీరోయిన్ తల్లి ఎప్పుడూ మంచం మీద దగ్గుతూ కనిపించేది, అంతే. ఈమె కథల్లో ఆ తల్లికి పాదాలు వాచేవి, చెప్పులు పట్టక కూతురి చెప్పులు వేసుకుని రేషన్ షాపుకు పోయేది, లైన్‌లో నిలబడి పక్కామెతో కూతురి గురించి అబద్ధాలు చెప్పేది. చదువుతుంటే ఆ వీధి నాకు తెలిసినట్టే ఉండేది. ఒకసారి కథలో పడి కంపెనీ గేటు దగ్గర దిగడం మరిచిపోతే, డ్రైవరు వెనక్కి తిరిగి పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది.

ఎంత బాగా మొదలైనా కథ చివరికి ఆ ఇద్దరి దగ్గరికే వచ్చేది. హీరో వస్తున్నాడని తెలియగానే నా బొటనవేలు తెరను పైకి నెట్టేసేది. రెండు పేజీలు, మూడు పేజీలు దాటేసి తల్లి దగ్గరో వీధి దగ్గరో మళ్లీ ఆగేదాన్ని. అలా ఒక్కో కథలో మూడో వంతు వదిలేసేదాన్ని. వదిలేసిన దాంట్లో ఏముందోనన్న గుంజాటన ఉండేది. చదివితే ఒళ్లు మంట, చదవకపోతే ఇది.

నాకు నచ్చిన మనిషి వేరే ఉన్నాడు. సీరియల్లో హీరోయిన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి ఒక జిరాక్స్ షాపుకు పోతుంది. అక్కడి అతను ఆమె సర్టిఫికెట్లు ఒక్కొక్కటే మడత విప్పి, గాజు మీద సరిచేసి పెట్టి, కూర్చోవడానికి స్టూలు జరుపుతాడు. నాలుగు ఎపిసోడ్లలో కనిపించి మాయమయ్యాడు. అతని మీద ఎవరైనా ఒక్క కథయినా రాస్తారేమోనని వెతికాను. ఎవరూ రాయలేదు.

ఉండబట్టలేక ఒకరోజు ఆమె కథ కింద కామెంట్ పెట్టాను. మీ రాత చాలా బాగుంటుంది, ఈ ఇద్దరినీ కలపకుండా ఒక్క కథ రాయరా అని అడిగాను. సాయంత్రం బస్సెక్కేసరికి నా మీద పెద్ద గొడవే నడుస్తోంది. ఇష్టం లేకపోతే చదవొద్దన్నారు. ప్రేమంటే తెలియని మొహమన్నారు. మరి ఎవరితో కలపాలో నువ్వే చెప్పు అని ఒకామె అడిగింది. జిరాక్స్ షాపు అతనని టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. రాసినామె మాత్రం ఒకే ముక్క పెట్టింది: "ఆలోచిస్త చెల్లె." ఆ మాటతో ఆమెది మా వైపేనని అర్థమైంది.

ఆ గొడవ సంగతి అమ్మకు చెబితే నవ్వింది. ఆమెదీ వాళ్ల మాటే.

"మొగోడన్నంక జర కోపముంటది బిడ్డా. మనసుల లేకుంటే కోపమెందుకొస్తది? మీ బావ గూడ గంతే గదా."

చివరి మాట వినగానే లేచి వంటింట్లోకి పోయాను. బావ అంటే మా మేనమామ కొడుకు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్. నేను పుట్టిన రోజే మామ వచ్చి, ఇది మా ఇంటి పిల్ల అన్నాడట. అప్పటినుంచి బంధువులందరి నోట్లో మేమిద్దరం ఒక జంట. పండగకు చీర పెడితే వాళ్లింటికేనని, వాళ్లింట్లో గేదె ఈనితే నాకే పాలని పరాచికాలు. బావ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. తిని, ఫోన్ చూసుకుని, పోయేవాడు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక పెళ్లిలో అందరి ముందూ నన్ను చూసి, ఆ డ్రెస్సేంది, పోయి మార్చుకో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడి నవ్వారు. నేను లోపలికి పోయి మార్చుకున్నాను. మార్చుకున్నందుకు ఏళ్ల తరబడి నా మీద నాకే కోపం.

ఆ వారమే నేను రాయడం మొదలుపెట్టాను. హీరోయిన్, జిరాక్స్ షాపు అతను. బస్సులో పోతూ సగం, వస్తూ సగం. హీరో వచ్చినప్పుడల్లా అరిచి పోయేవాడు, అంతకు మించి నేనతనికి ఏమీ ఇవ్వలేదు. చదివేవాళ్లు పది మంది కూడా లేరు. వాళ్లలో ఒకరు ఆ పువ్వు పేరామె. ప్రతి భాగం కిందా ఏదో ఒకటి రాసేది. అక్షరదోషాలు చెప్పేది. ఒకసారి, షాపులో కరెంటు పోతే ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు, అది రాయి అని చెప్పింది. రాశాను. నేను రాసినదాంట్లో బాగున్నది అదొక్కటే.

కొన్నాళ్లకు ఆమె తనది ఆలేరు అని, వీలుంటే రమ్మని మెసేజ్ పెట్టింది. ఒక ఆదివారం భువనగిరి మీదుగా పోయాను. ఆమె చెప్పినట్టే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని జాకెట్టుకు హుక్సులు కుడుతూ ఉంది. నలభై దాటి ఉంటాయి. స్టేషన్ రోడ్డులో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు ఆమెది. టైపు చేయడానికి చేతులు ఖాళీ ఉండవట. మిషన్ ఆపి హుక్సులూ, అంచులూ చేత్తో కుట్టేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి కథ చెబుతూ పోతుందట, ఫోనే అక్షరాలు చేసుకుంటుందట. ఇంట్లోవాళ్లు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతోందనుకుంటారట. అది చెప్పేటప్పుడు చిన్నపిల్లలా నవ్వింది.

నేను దాచుకోలేక అడిగేశాను. ఇంత బాగా రాసే మనిషివి, తిరిగి తిరిగి వాడి దగ్గరికే ఎందుకు తీసుకుపోతావని.

ఆమె సూది జాకెట్టుకు గుచ్చి పెట్టింది.

"సీరియల్ల వాడు ఒక్కసారన్న తప్పయిందన్నడా? అనలే. నా కథల అంటడు. ప్రతి కథల అంటడు. నువ్వు గవి చదువలేదా?"

నేను దాటేసిన పేజీలవే. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. లేదక్కా, వాడొస్తే జరిపేస్తానని చెప్పాను. ఆమెకు కోపం రాలేదు.

"గా ఒక్క మాట కోసమే రాస్త. చదివేటోళ్లు గూడ గందుకే చదువుతరు. మా ఇంట్ల పదారేండ్లు ఎదురుచూసిన. ఇగ ఇంట్ల వినేది లేదని తెలిసినంక రాసుడు షురూ చేసిన."

"తప్పయిందంటే సరిపోతదా అక్కా?"

"సరిపోదు. అయినా వినాలనిపిస్తది."

కాజీపేట వైపు బండి ఒకటి ఆగకుండా పోయింది.  తర్వాత ఆమె నన్ను షాపుకు తీసుకుపోయి చాయ్ తెప్పించింది, నా జాకెట్టు భుజం దగ్గర లూజుగా ఉందని విప్పించి కుట్టు వేసి ఇచ్చింది. కథల సంగతి మళ్లీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో దాటేసిన పేజీలన్నీ మొదటినుంచి చదివాను. ఒకదాంట్లో హీరో తాను తన్నిన టిఫిన్ డబ్బాకు పడిన సొట్ట తీయించి, తోమి, ఆమె లేనప్పుడు వాళ్ల గడప మీద పెట్టి పోతాడు. ఆమె వచ్చాక మళ్లీ వస్తాడు, తడబడుతూ తప్పయిందంటాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. వచ్చినందుకు చిరాకేసింది. ఇంత చదివినా ఆ జంట నాకు నచ్చలేదు. కానీ ఇకమీదట నచ్చలేదని ఊరికే అనేసి ఊరుకోలేనని తెలిసింది. అక్క చెప్పిన పదారేండ్లు, పెళ్లిలో బావ అన్న మాట ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. చౌటుప్పల్ దాకా కిటికీ తీయడం, మూయడం, అదే పని. ముందు సీట్లో ముసలాయన విసుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఆసు దగ్గరే ఉంది. బట్టలు కూడా మార్చుకోకుండా ఎదురుగా కూర్చుని, బావను చేసుకోనని చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"మరి ఎవలు గావాలె?"

"ఎవలో తెల్వదు. బావ మాత్రం వద్దు."

"ఎవలో తెల్వకుంటనే వద్దంటవా?"

"అవు."

అమ్మ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాయిన మగ్గం దిగి వచ్చి, పిల్ల చెప్పింది గదా ఇంక వదిలెయ్యి అన్నాడట. నాలుగో రోజు అమ్మే ఒంటరిగా బస్సెక్కి తమ్ముడింటికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మామ ఏడ్చాడని మాత్రం చెప్పింది. వచ్చాక కాళ్లు కడుక్కుని నూలు అందుకుంది.

మరుసటి వారం మధ్యాహ్నం అన్నాల వేళ బావ ఫోన్ చేశాడు. తిట్లకు సిద్ధపడే ఎత్తాను. మిల్లు చప్పుడు వెనకాల వినిపిస్తోంది. మొదట కాసేపు, తిన్నవా అనీ, డ్యూటీ ఎప్పటిదాకా అనీ అడిగాడు. తర్వాత అసలు మాటకొచ్చాడు.

"నన్ను గూడ ఎవ్వలు అడగలే. చిన్నప్పటిసంది నీ పెండ్లామొచ్చింది, నీ పెండ్లామొచ్చింది అంటే నీ దిక్కు చూడాలంటెనే సిగ్గయ్యేది. నువ్వన్న చెప్పినవ్. నాకు ధైర్యం చాలలే."

 ఆ డ్రెస్సు సంగతి గుర్తుందా అని అడిగాను. గుర్తు లేదన్నాడు. ఏ పెళ్లి, ఏ డ్రెస్సు అని రెండుసార్లు అడిగాడు. చెప్పాను.  అంతలో మిల్లులో ఎవరో పిలిస్తే, లోడ్ వచ్చిందని చెప్పి పెట్టేశాడు. తప్పయిందని అనలేదు. ఆ మాట కోసం నా చెవి ఎంతగా కాచుకుని ఉందో ఫోన్ పెట్టేశాక తెలిసింది. ఆలేరు అక్కకు మెసేజ్ పెడదామనుకుని, పెట్టలేదు.

బావకు ఆ మరుసటి ఎండాకాలం హాలియా ఊరి అమ్మాయితో పెళ్లయింది. అందరం పోయాం. అమ్మ వడ్డనలో చెయ్యి వేసింది. బావ అత్తగారి తరఫువాళ్లతో గలగలా మాట్లాడుతుంటే చూశాను. అతను అంత మాటకారి అని నాకు తెలియదు.

సీరియల్లో కూడా ఆ ఇద్దరి పెళ్లి చేసి ముగించేశారు. నా కథ మాత్రం తెమల్లేదు. హీరోకు అరుపు తప్ప ఇంకో మాట రాయకుండా ఇంతకాలం నడిపినదాన్ని, ఇక అలా రాయలేకపోయాను. చివరికి హీరోయిన్‌కు అమ్రాబాద్‌లో టీచరు ఉద్యోగం వేయించాను. జిరాక్స్ అతనితో కూడా కలపలేదు. ఒక్కతే అడవి దారిలో బస్సెక్కి పోతుంది. ఏ జంటా లేనప్పుడు ఎందుకు రాసినవని చదివిన ఆ కొద్దిమందీ తిట్టారు. ఆలేరు అక్క మాత్రం, అక్కడ ఆమె ఇల్లు కిరాయికి దొరికిందా, ఎవరింట్లో, అది రాయలేదేమని అడిగింది.

ఆ ముగింపు ఇప్పటికి మూడుసార్లు మార్చాను. ఒకసారి ఆమెను వెనక్కి తెచ్చాను. ఒకసారి జిరాక్స్ అతన్ని అక్కడికి పంపాను. మొన్న మళ్లీ ఆ రెండు మార్పులూ తీసేశాను. ప్రస్తుతం ఆమె అమ్రాబాద్ దారిలో, అడవి మొదట్లో, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బస్సులోనే ఉంది.